అఖిలకు నేనిచ్చిన సలహా

2023 డిసెంబర్. మస్కట్‌లో ఏసీలు ఆపి కిటికీలు తెరుచుకునే నెల. ఊరంతా చల్లబడినా పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్ళు మాత్రం అప్పుడే వేడెక్కుతాయి. ఏ డిగ్రీ, ఏ కాలేజీ, ఇండియాలోనా ఇంకెక్కడైనానా అన్న గొడవ మొదలయ్యేది ఆ నెలలోనే. ఆ గొడవలన్నీ చివరికి నా గదికి చేరతాయి.

నాది రాజమండ్రి. ఇక్కడి ఒక ఇండియన్ స్కూల్లో పదకొండేళ్ళుగా ఎకనామిక్స్ చెబుతున్నాను. ఎకనామిక్స్‌కి ల్యాబ్ ఉండదు కాబట్టి టీచర్ ఖాళీగా ఉంటుందని మా ప్రిన్సిపాల్ గారి నమ్మకం. ఆ నమ్మకంతోనే కెరీర్ కౌన్సెలర్ పని కూడా నా నెత్తిన పెట్టారు. అంటే పిల్లలకు సబ్జెక్టులు, కోర్సులు, కాలేజీల గురించి సలహా చెప్పే పని. దానికొక గది ఇచ్చారు. అంతకుముందు అందులో జిమ్నాస్టిక్స్ చాపలు దాచేవారు. ఆ వాసన ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

"మావాడికి ఎకనామిక్స్ అనుకుంటున్నామండీ" అంటూ వచ్చే తల్లిదండ్రులు అదేదో ఒకే డిగ్రీ అనుకుంటారు. కాదు. బి.ఏ. ఎకనామిక్స్ ఆనర్స్ ఉంది, అంటే మూడొంతులు ఆ ఒక్క సబ్జెక్టే. బి.ఎస్సీ. ఎకనామిక్స్ ఉంది. హిస్టరీ, పాలిటిక్స్ పక్కన ఎకనామిక్స్ కూడా ఉండే మామూలు బి.ఏ. ఉంది. బి.కాం.లో తాలింపులా వేసేది ఒకటి. డేటా సైన్స్‌తో కలిపి అమ్మేది ఇంకొకటి. ఇవి కాక ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఒక కాలేజీ బి.ఏ.లో ఉన్నన్ని లెక్కలు పక్క కాలేజీ బి.ఎస్సీ.లో ఉండకపోవచ్చు. పేరు చూసి చేరితే మొదటి సెమిస్టర్‌లోనే ఏడుపు.

అందుకే నాకో పద్ధతుంది. ఒక్కో డిగ్రీలో సెమిస్టర్ వారీగా ఏ పేపర్లు ఉన్నాయో ఆ జాబితాలు ప్రింట్ తీస్తాను. పైన కాలేజీ పేరు, డిగ్రీ పేరు కనిపించకుండా తెల్లకాగితం ముక్కలు అంటిస్తాను. పిల్లల్ని ఇంటికి తీసుకెళ్ళి చదవమంటాను. వారం తర్వాత ఏవి బాగున్నాయో చెబితే అప్పుడు ముక్కలు పీకుతాను. చాలామంది తల్లిదండ్రులకు ఈ పద్ధతి నచ్చదు. వాళ్ళకు కావాల్సింది ఆ ముక్క కింద ఉన్నదే.

అఖిల ఆ సంవత్సరం పన్నెండు కామర్స్‌లో ఉండేది. వాళ్ళది జగిత్యాల దగ్గర పల్లె. తండ్రి రాజేశం మస్కట్‌కు ఐదువందల కిలోమీటర్లకు పైగా దూరంలోని దుక్మ్‌లో షట్టరింగ్ ఫోర్‌మన్, అంటే కాంక్రీటు పోయడానికి ముందు చెక్కలతో, పలకలతో అచ్చు కట్టించే మేస్త్రీ. కూలీగా వచ్చి పదిహేడేళ్ళలో అంతవరకు ఎదిగాడు. అక్కడ క్యాంపులో ఉంటాడు, రెండు వారాలకోసారి కంపెనీ బస్సులో మస్కట్ వస్తాడు. తల్లీకూతుళ్ళు మస్కట్ శివార్లలోని అల్ అమెరాత్‌లో ఒక చిన్న పోర్షన్‌లో ఉంటారు. తల్లి జాకెట్లు కుడుతుంది. నావి కూడా ఆవిడ కుట్టినవే.

ఈ అమ్మాయి నాకు గుర్తుండిపోయింది పదకొండో తరగతిలో అడిగిన ఒక ప్రశ్న వల్ల. "మా డాడీ వాళ్ళు కట్టిన బిల్డింగుల్లో ఇంకా ఎవరూ దిగలేదట మేడమ్. మనుషులు రాకముందే ఇళ్ళెందుకు కడతారు?" అంది. ఆ పీరియడ్‌లో పాఠం పక్కన పెట్టి దాని గురించే మాట్లాడుకున్నాం. పరీక్షలో రాని ప్రశ్న అడిగే పిల్లలు ఏడాదికి ఒక్కరు దొరికినా నాకు పండగే.

ఆరు జాబితాలు తీసుకెళ్ళిన అఖిల వారం తిరక్కుండానే వచ్చి రెండు పక్కన పెట్టింది. రెండింటిలోనూ ఎకనోమెట్రిక్స్ ఉంది. ఎకనామిక్స్ ప్రశ్నలకు అంకెలతో జవాబు వెతికే పేపరది. ముక్కలు పీకాం. ఒకటి బెంగళూరులో బి.ఎస్సీ., ఇంకొకటి హైదరాబాద్‌లో బి.ఏ. ఆనర్స్. పిల్ల మనసు బి.ఎస్సీ. మీద ఉంది. అందులో ఎకనోమెట్రిక్స్ రెండు సెమిస్టర్లు, పైగా చివరి ఏడాది సొంతంగా ఒక సర్వే చేయిస్తారు. సరే, అప్లికేషన్ నింపుకోమన్నాను.

మర్నాడు ఫోన్ పట్టుకుని వచ్చింది. "మేడమ్, ఇక్కడ ఇలా ఉంది" అని చూపించింది. అర్హతల కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం. పన్నెండో తరగతిలో మ్యాథమెటిక్స్ తప్పనిసరి, అప్లైడ్ మ్యాథమెటిక్స్ చెల్లదు.

అది రెండుసార్లు చదివాను.

మా బోర్డులో లెక్కలు రెండు రకాలు. ఒకటి మామూలు మ్యాథ్స్, ఇంజనీరింగ్‌కి వెళ్ళేవాళ్ళు చదివేది. రెండోది అప్లైడ్ మ్యాథ్స్, వ్యాపారానికి పనికొచ్చే లెక్కలు, కొంచెం తేలిక. అఖిల చదువుతున్నది రెండోది. చదవమన్నది నేను.

2022 ఏప్రిల్‌లో, సబ్జెక్టులు ఎంచుకునే రోజున, ఇదే గదిలో ఇదే కుర్చీలో కూర్చుని అడిగింది. "నాకు మామూలు మ్యాథ్స్ తీసుకోవాలని ఉంది మేడమ్. ఎకనామిక్స్‌కి ఏది కావాలి?" పదో తరగతిలో లెక్కల్లో మంచి మార్కులొచ్చిన పిల్ల. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "అప్లైడ్ సరిపోతుందమ్మా" అన్నాను. నేను చదివిన కాలంలో ఎకనామిక్స్‌కి లెక్కలే అడిగేవారు కాదు. ఆ కారణం నిజమే కానీ అదొక్కటే కారణం కాదు. ఆ ఏడాదే మా స్కూల్లో అప్లైడ్ మ్యాథ్స్ మొదలుపెడుతున్నారు. పదిహేను మంది చేరితేనే సెక్షన్ తెరుస్తారు. నా దగ్గర పద్నాలుగు ఫారాలున్నాయి, ఆ సాయంత్రమే లిస్ట్ ఇవ్వాలి. ఒక్క కాలేజీ పేజీ తెరిచి చూసి ఉంటే పది నిమిషాలు పట్టేది. చూడలేదు. అఖిల పదిహేనోది అయింది.

తర్వాత మూడు రోజులు కాలేజీలకు ఫోన్లు, మెయిళ్ళు. ఆరింటిలో నాలుగు అప్లైడ్‌ని ఒప్పుకోవు. హైదరాబాద్ బి.ఏ. ఒప్పుకుంటుంది, మొదటి రెండు సెమిస్టర్లలో లెక్కలు వాళ్ళే నేర్పుతారు. బి.కాం. ఎలాగూ ఉంది. ఇంకో దారి, ఏడాది ఆగి ఓపెన్ స్కూల్ ద్వారా మామూలు మ్యాథ్స్ విడిగా రాయడం. ఈ మూడు దారులూ కాగితం మీద చక్కగా రాసుకున్నాను. నాలుగో లైనులో రాయాల్సినది, తప్పు నాదన్నది, మాత్రం రాయలేదు. ఫారం మీద ఉన్నది పిల్ల సంతకం, తండ్రి సంతకం. నేను నోటితో చెప్పిన మాటకు సాక్ష్యం లేదు. ఎవరూ అడగకపోతే ఇది ఇలాగే గడిచిపోతుంది కదా అనిపించింది. అనిపించడమే కాదు, ఆ మూడు రాత్రులూ నిక్షేపంగా నిద్రపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

గురువారం రాజేశం వచ్చాడు. ఇక్కడ శుక్ర, శనివారాలు స్కూలుకు సెలవు. అందుకని ఒక రోజు డ్యూటీ మానుకుని, బుధవారమే దుక్మ్‌లో బస్సెక్కాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని నేరుగా విషయానికొచ్చాడు.

"మేడం, బీఎస్సీ అన్నది, మంచిదన్న. రూమ్‌ల ఆరుగురం ఉంటం, అందరికి చెప్పుకున్న. ఇప్పుడేమో అది రాదంటున్నది. బీయ్యే అంటున్నది. మా దిక్కు బీయ్యే అంటే ఏ సీటు రానోళ్ళు బస్ పాస్ కోసం చదివేది."

"హైదరాబాద్ బి.ఏ. అలాంటిది కాదండీ" అని మొదలుపెట్టాను.

ఆయన వినలేదు. కూతురి వైపు తిరిగాడు. "ఎందుకు రాదంటే, అల్కగ ఉంటదని చిన్న లెక్కలు దీస్కున్ననని చెప్పింది. గింత దూరం దెచ్చి సదివిపిస్తుంటే అల్కగ ఉండేది కావాల్నా నీకు? నేను నలభై ఐదు డిగ్రీలల్ల నిలవడ్డది గిందుకేనా?"

అఖిల బల్ల వైపు చూస్తోంది. తలెత్తలేదు, నా వైపు చూడలేదు. తప్పు తన మీద వేసుకుని ఇంట్లో అలా చెప్పిందని నాకు అప్పుడే తెలిసింది. ఆయన ఇంకా అంటూనే ఉన్నాడు. "తెలివి ఉంటే సాలదు బిడ్డా, కష్టపడే బుద్ధి ఉండాలె."

అది ఆ పిల్లకు తగిన మాట కాదు. ఇక ఊరుకోలేకపోయాను.

"రాజేశంగారూ, అమ్మాయిని ఏమీ అనకండి. తను మామూలు మ్యాథ్స్ తీసుకుంటానంది. అక్కర్లేదన్నది నేను. తప్పు నాది."

ఆయన ఫోల్డర్ బల్ల మీద పెట్టాడు.

"మీకు దెల్వకనా?"

"తెలుసుకోలేదు. సెక్షన్‌కి పదిహేను మంది కావాలి. పద్నాలుగు మందే ఉన్నారు. ఆ తొందరలో కాలేజీల రూల్స్ చూడకుండా చెప్పేశాను."

కోప్పడతాడనుకున్నాను. కోపం వచ్చింది కూడా, మెడ నరం కనిపించింది. కానీ గొంతు పెంచలేదు. ఆరుబయట వందమంది చేత పని చేయించే మనిషి, గొంతు ఎక్కడ పెంచాలో తెలిసినట్టుంది.

"సైట్ల పిల్లర్ లైన్ తప్పుతది మేడం. కాంక్రీట్ పోసినంక కనవడ్తది. చెప్పినోన్ని తిడ్తం, గని ఉంచుకుంటం. చెప్పకుంట ప్లాస్టర్ ఏసినోన్ని ఇంటికి తోల్తం." కొంచెం ఆగి అన్నాడు. "మా దగ్గర ఎన్‌సీఆర్ అని రాస్తరు. గది మీరు రాసియ్యాలె."

నాకు అర్థం కాలేదు. అఖిల మెల్లగా చెప్పింది. నాన్ కన్ఫార్మెన్స్ రిపోర్ట్. పనిలో తప్పు జరిగితే ఏం తప్పు, ఎందుకు జరిగింది, ఎలా సరిచేస్తారు, ఎన్ని రోజుల్లో, ఇవన్నీ రాసి సంతకం పెట్టే కాగితం. దుక్మ్‌లో ఆయన చేతి మీదుగా వారానికి రెండు వెళతాయట.

"ఎందుకండీ ఆ కాగితం?" అన్నాను.

"రేపు ఏ కాలేజోళ్ళన్న నా బిడ్డ అల్కగ ఉంటదని తీస్కున్నదనుకోవద్దు. నేను గూడ అనుకోవద్దు." లేచి నిలబడి ఇంకో మాట అడిగాడు. "మిగిలిన పద్నాలుగు మంది పోరగాండ్లకు చెప్పిండ్రా?"

చెప్పలేదు. నిజానికి వాళ్ళ గురించి ఆ క్షణం వరకు నేను ఆలోచించనే లేదు. నా మనసులో ఉన్నదల్లా అఖిల, నేను, నా ఉద్యోగం. ఆయనకు నా మొహంలోనే జవాబు దొరికింది.

కారిడార్‌లో చిన్నపిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఆయన మూడు గంటలు ఎదురుచూశాడు. నేను రాశాను. ప్రిన్సిపాల్ గారు మలయాళీ, నిదానస్తుడు. కాగితం చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇది బయటికి వెళితే స్కూల్ తప్పు అవుతుంది" అన్నారు.

"స్కూల్ తప్పే కదా సార్. సెక్షన్ కోసం చేసిందే."

ఆయన ఒక వాక్యం కొట్టేసి, మిగతాది మళ్ళీ టైపు చేయించి, సంతకం పెట్టి ముద్ర వేశారు. కొట్టేసిన వాక్యం పదిహేను మంది గురించినది. 'విద్యార్థిని పాఠశాల సలహా మేరకు అప్లైడ్ మ్యాథమెటిక్స్ తీసుకున్నది, ఆ సలహా సరైనది కాదు' అన్నంతవరకు ఉంచారు. ఒక స్కూల్ అధిపతి నుంచి అంతకన్నా ఎక్కువ ఆశించడం అత్యాశే. నేను పేచీ పెట్టలేదు.

రాజేశం కాగితాన్ని కూతురి చేత చదివించుకున్నాడు. ఒక్కో వాక్యానికి తెలుగులో అర్థం చెప్పించుకుని, చివర తలూపలేదు.

"ఎందుకయిందో లేదు మేడం. రూట్ కాజ్ రాయకపోతే మా ఇంజనీర్ ఎన్‌సీఆర్ తీస్కోడు, వాపస్ పంపుతడు."

మళ్ళీ ప్రిన్సిపాల్ గదికి వెళ్ళే ధైర్యం నాకు లేదు. పెన్ను తీసుకుని ముద్ర కింద మిగిలిన ఖాళీలో ఆ వాక్యం నా చేత్తో రాశాను. సెక్షన్‌కు పదిహేనుమంది అవసరమై, నియమాలు పరిశీలించకుండా సలహా ఇచ్చాను. కింద నా సంతకం. తేదీ కూడా వేశాను. ఉద్యోగం పోయినా పోతుందనే అనుకున్నాను. పోలేదు కానీ ఆ ఏడాది నా వార్షిక నివేదికలో ఒక మందలింపు వాక్యం చేరింది.

అప్పుడు మాత్రమే ఆయన కూర్చుని, "ఇప్పుడు చెప్పుండ్రి, ఎట్ల సరిజేస్తరు" అన్నాడు.

ఏడాది ఆగే దారి ముందే పోయింది. దుక్మ్ పని వచ్చే ఏడాదితో అయిపోతుంది, తర్వాత వీసా సంగతి తెలియదు. ఈ కాగితం జతచేసి బెంగళూరు బి.ఎస్సీ. వాళ్ళను అడుగుదాం, ఒప్పుకోకపోతే హైదరాబాద్ బి.ఏ. అన్నాను. రెండు డిగ్రీల పేపర్ల జాబితాలూ ఆయన ముందు పరిచాను. ఇంగ్లీషు చదవడం ఆయనకు కొద్దిగా వచ్చు. ఒక్కో పేరు మీద వేలు పెట్టి కూతుర్ని అడిగాడు.

"ఇదేంది?"

"ఎకనోమెట్రిక్స్ డాడీ. ఇప్పుడు మన అమెరాత్‌ల కిరాయిలు పెరిగినయి గదా. జనం ఎక్కువొచ్చినందుకు పెరిగినయా, రోడ్ పడ్డందుకా? దేనివల్ల ఎంత పెరిగిందో లెక్కలేసి విడదీసుడు."

"అది బీయ్యేల గూడ ఉన్నదా?"

"ఉన్నది. ఒక సెమిస్టర్ తక్కువ."

అలా రెండు కాగితాల్లోని పేర్లన్నీ అయ్యేసరికి స్కూల్ బస్సులు వెళ్ళిపోయాయి. రెంటికీ తేడా ఎకనోమెట్రిక్స్ ఒక సెమిస్టర్, ఇంకో రెండు పేపర్లు, ఆ సర్వే. ఆయన వేలితో మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. "మూడు పేపర్లు, ఒక సర్వే బిడ్డకు పోయినయి" అన్నాడు నాతో. తర్వాత అఖిలతో, "బీయ్యే అయితే బీయ్యే. రూమ్‌ల నేను చెప్పుకుంట" అన్నాడు. నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. ఆ కాగితం మాత్రం జాగ్రత్తగా ఫోల్డర్‌లో పెట్టుకున్నాడు.

ఆదివారం క్లాసులో నిలబడి మిగతా పద్నాలుగు మందికీ జరిగింది చెప్పాను. వాళ్ళలో ముగ్గురికి ఇదే చిక్కు ఉంది. ఒకబ్బాయి తల్లి అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో మేనేజరు. ఫోన్‌లో పావుగంట సేపు తిట్టింది, నేను విన్నాను. డిసెంబర్‌లోనే తెలిసింది కాబట్టి ముగ్గురూ కాలేజీలు మార్చుకోగలిగారు. మార్చిలో తెలిసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయమేస్తుంది. ఆ మేలు నాది కాదు, ఫోర్‌మన్‌ది.

బెంగళూరు నుంచి జనవరిలో మర్యాదగా జవాబొచ్చింది. మీ నిజాయితీని గౌరవిస్తున్నాం, నియమం మార్చలేం. మే నెలలో హైదరాబాద్ బి.ఏ. ఆనర్స్‌లో అఖిలకు సీటొచ్చింది.

బయల్దేరే ముందు, జూన్‌లో, తల్లి కుట్టిన రెండు జాకెట్లు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. నిమ్మరసం ఇచ్చి కూర్చోబెట్టాను. ఆర్నెల్లుగా నా మనసులో ఒక తీపి ఊహ ఉండిపోయింది. ఆ రోజు తండ్రి అన్ని మాటలంటుంటే నోరు మెదపకుండా నన్ను కాపాడింది కదా, టీచర్ అంటే ఆ పిల్లకు ఎంత ప్రేమో అని. నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా. ఆ మాట ఆ పిల్ల నోట వినాలనిపించి అడిగాను.

"అఖిలా, ఆ రోజు నిజం మీ నాన్నగారికి ఎందుకు చెప్పలేదు? తప్పు నాదని నీకు తెలుసు కదా."

గ్లాసు బల్ల మీద పెట్టింది. దాచాలనీ లేదు, నొప్పించాలనీ లేదు ఆ మొహంలో.

"మీరు అప్పటికి నా రికమెండేషన్ లెటర్ ఇవ్వలేదు మేడమ్" అంది.

రికమెండేషన్ లెటర్ అంటే, ఈ విద్యార్థిని మంచిది, తీసుకోండి అని కౌన్సెలర్ కాలేజీలకు రాసే ఉత్తరం. అది లేకుండా అఖిల అప్లికేషన్లలో ఒక్కటీ ముందుకు కదలదు. నేను చేసిన తప్పుకు నష్టపోయిన పిల్ల, నా సంతకం కోసం, చెయ్యని తప్పు ఒప్పుకుని తండ్రి చేత తిట్లు తింది. పదిహేడేళ్ళ పిల్లకు అంత లెక్క తెలిసింది. ఇన్నేళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు తెలియలేదు.

ఇప్పుడు కూడా పేపర్ల జాబితాలు ప్రింట్ తీస్తాను, పేర్లు మూస్తాను, అర్హతల పేజీ ముందు చదువుతాను. ఇవన్నీ ఎవరైనా నేర్చుకునేవే. అఖిల వల్ల నేర్చుకున్నది వేరు. పిల్లల రికమెండేషన్ లెటర్లు నవంబర్‌లోనే, ఒక్కటీ మిగల్చకుండా రాసి పంపేస్తాను. పంపిన సంగతి వాళ్ళకు చూపిస్తాను. ఆ తర్వాతే తలుపేసి, నా సలహాల్లో ఏదైనా తప్పయిందా అని ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతాను.